24 గంటలూ నడిచే కంట్రోల్ రూమ్‌కి ఎలాంటి కుర్చీలు, టేబుళ్లు తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. నేనో ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని, ఊరు పేరు వద్దులెండి. 12 సీట్లు, మూడు షిఫ్టులు, అంటే ఒక్కో కుర్చీలో రోజుకు ముగ్గురు కూర్చుంటారు, అది చల్లారేదే లేదు. మామూలు ఆఫీసు కుర్చీలు కొన్నారు, ఏడాది తిరక్కుండానే సగం కుర్చీలు కూర్చోగానే కిందికి దిగిపోతున్నాయి. ఒకావిడ ఇంటి నుంచి దిండు తెచ్చుకుంటోంది!

ఇప్పుడు గది మార్చడానికి డబ్బు వచ్చింది, ఏం కావాలో నన్నే రాయమన్నారు. టేబుళ్లన్నీ 75 సెంటీమీటర్ల ఎత్తు, కుర్చీ దానికి సరిపోయేలా పెంచితే పొట్టివాళ్ల కాళ్లు నేలకి ఆనవు. నిలబడి కూడా కాల్ తీసుకునేలా, సుమారు 65 నుంచి 125 సెంటీమీటర్ల దాకా మోటారుతో జరిగేవి అడుగుదామనుకుంటున్నా. మనిషికి మూడు మానిటర్లు, చేయి చాపినంత దూరంలో వంపుగా పెట్టాలని తెలుసు, కానీ ఎదురుగా గోడ మీద పెద్ద తెర ఉంది, మానిటర్లు దించకపోతే అది కనపడదు, దించితే మెడ పట్టేస్తుంది. కంట్రోల్ రూమ్‌లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11064 చూడమన్నారు. మంచిదే, కానీ ఏ కుర్చీ కొనాలో అందులో ఉండదుగా.

24 గంటల వాడకానికని చెప్పి అమ్మే కుర్చీలు నిజంగా వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎన్నాళ్లు నిలిచాయి? మెష్ మేలా, ఫోమ్ మేలా? రాత్రి లైట్లు తగ్గిస్తే నిద్ర ముంచుకొస్తోంది, పెంచితే తెరల మీద మెరుపు, దీనికి మీరేం చేశారు?