నాలుగేళ్ల పాపకి ఎక్కువ, తక్కువ ఎలా నేర్పాలి?

కూకట్‌పల్లి అమ్మ: మా పాప ఇరవై దాకా గడగడా చెప్పేస్తుంది. కానీ ఐదు చింతగింజలు దగ్గరగా, ఇంకో ఐదు ఎడంగా పేరిస్తే పొడుగు వరుసలోనే ఎక్కువున్నాయంటుంది. టెన్షన్ పడాలా?

మల్కాజిగిరి టీచర్: అక్కర్లేదండీ. పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త చూపించింది ఇదే. చాలామందికి ఆరేడేళ్లకి కుదురుతుంది. ఒక్కో గింజ పక్కన ఒక్కో గవ్వ పెట్టించండి. జత లేకుండా ఏది మిగిలితే అదే ఎక్కువ. లెక్కపెట్టాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలెడితే, చివరి అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట.

బోడుప్పల్ తాతయ్య: వర్క్‌షీట్లు కొనకమ్మా. మా మనవడికి రైతుబజార్ సంచి ఇచ్చి కూరగాయలు వేరు చేయమంటాను. పచ్చిమిర్చిని దొండకాయల్లో కలిపి "రెండూ పచ్చగానే ఉన్నాయిగా" అన్నాడు. వాడన్నదీ నిజమే!

మల్కాజిగిరి టీచర్: అన్నట్టు, గింజలు ముక్కులో పెట్టుకోకుండా పక్కనే కూర్చోండి.