సారె సామాను కోసం కొత్త క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా?

గెడ్డ ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. ఉద్యోగం విజయనగరంలో, చేతికొచ్చేది నెలకి 32 వేలు. మాఘంలో చెల్లి పెళ్ళి, అబ్బాయి వాళ్ళది రాజాం. పైడితల్లి పండగ ఆఫర్లు ఇంకా నడుస్తున్నాయి కదా, సారె సామాను ఇప్పుడే కొనేద్దామని మొన్న ఒక షోరూంకి వెళ్ళాం.

ఫ్రిజ్ 31 వేలు, వాషింగ్ మెషీన్ 23 వేలు, 43 అంగుళాల టీవీ 28 వేలు. మంచం, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ వేరే కొట్టులో 38 వేలు. మొత్తం లక్షా ఇరవై. చీటీ పాడిన డబ్బు సరిగ్గా అంతే ఖాతాలో ఉంది.

షోరూం గుమ్మంలోనే టేబుల్ వేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. కొత్త కార్డు తీసుకుంటే అక్కడికక్కడే 6 వేలు తగ్గింపు అన్నాడు. 90 రోజుల్లో లక్షన్నర ఖర్చు పెడితే ఇంకో 5 వేల వోచర్. ఏడాది ఫీజు 1,499, పైన జీఎస్టీ. లక్షన్నర దాటాలంటే ఒక ఏసీ కూడా వేసుకోండి, 36 వేలు, సారెలో నిండుగా ఉంటుందన్నాడు. అమ్మకి ఆ మాట బాగా నచ్చేసింది. ఏసీ డబ్బు ధాన్యం అమ్మాక జనవరిలో వస్తుంది. ఇప్పటిదాకా నాకు క్రెడిట్ కార్డు లేదు. తీసుకోమంటారా?

మూడు లాంతర్లు:

తీసుకో తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికేముంది? ఎలాగూ పెట్టే ఖర్చే. లెక్క చూడు. 6 వేలు, 5 వేలు కలిపి 11 వేలు. ఫీజు జీఎస్టీతో 1,769 పోతుంది. ఫర్నిచర్ కొట్టువాడు కార్డు గీస్తే 2 శాతం అదనం అంటాడు, అదొక 760. అవన్నీ పోగా 8,471 మిగులు. నీ జీతంలో వారం రోజుల సొమ్ము అది. ఊరికే వస్తుంటే కాదంటావా?

నేను ఆరేళ్ళుగా మూడు కార్డులు వాడుతున్నాను. ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. బిల్లు రాగానే మొత్తం కట్టేస్తాను, అంతే. పైగా వస్తువు రాకపోయినా, డబ్బు రెండుసార్లు కోసేసినా కార్డు బ్యాంకుకి ఫిర్యాదు పెట్టే దారి ఉంటుంది. నగదు ఇచ్చేశాక ఎవరిని అడుగుతావు?

నాగావళి గాలి:

అన్నయ్యా, మీరు ఆరేళ్ళు జాగ్రత్తగా ఉన్నారు, సంతోషం. నా సంగతి కూడా వినండి.

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఇలాంటి టేబులే. ఇల్లు మారినప్పుడు సామాను కోసం కార్డు తీసుకున్నాను. 80 వేలు గీశాను. ఆటో డెబిట్ పెట్టుకోమన్నారు, పెట్టాను. ఇక నిశ్చింత అనుకున్నాను. తీరా చూస్తే ఫారంలో వాళ్ళు టిక్కు పెట్టింది 'కనీస మొత్తం' దగ్గర. గడువు రోజున 4 వేలు కోసుకుని ఊరుకుంది. బిల్లు కట్టేశామనుకుని నేనూ ఊరుకున్నాను.

మిగతా 76 వేలకే, గడువు దాటిన రోజు నుంచే వడ్డీ అనుకునేవాడిని. కాదు. బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువే పోతుంది, కొన్న రోజు నుంచి లెక్క వేస్తారు. నెలకి 3.5 శాతం, అంటే ఏడాదికి 42. గడువు రోజుకే 45 రోజులైంది కాబట్టి 80 వేల మీద సుమారు 4,100. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. అక్కడికే 4,900 దగ్గరకొచ్చింది, మిగిలిన బాకీ మీద రోజూ ఎక్కేది వేరే. నాకిచ్చిన వోచర్ ఎంతో తెలుసా? 3 వేలు. అది కూడా ఒకే ఒక బట్టల కొట్టులో చెల్లుతుంది, మా ఊళ్ళో ఆ కొట్టు లేదు.

మూడు లాంతర్లు:

అది కార్డు తప్పు కాదు, ఫారం చదవకపోవడం. 'పూర్తి మొత్తం' దగ్గర టిక్కు పెట్టుకుంటే సరిపోయేది.

నాగావళి గాలి:

ఒప్పుకుంటాను. కానీ షోరూంలో ఏసీ చల్లగా ఉండి, పక్కన అమ్మ ఫ్రిజ్ తలుపు తీసి మూసి చూస్తుంటే, ఆ ఫారం ఎవరు చదువుతారు చెప్పండి.

పలాస జీడిపప్పు:

మా బావ అయితే ఆ టేబుల్ దగ్గర ఇచ్చే సూట్‌కేసు కోసం కార్డు తీసుకున్నాడు. సూట్‌కేసు చక్రం నెలకే ఊడింది, కార్డు మాత్రం ఇంకా నడుస్తోంది.

కౌంటర్ వెనక మనిషి:

ఇలాంటి షోరూంలోనే నా పని, కాబట్టి ఊరూ పేరూ అడగొద్దు. కొన్ని సంగతులు లోపలి నుంచి చెబుతాను.

ఒకటి, ఆ టేబుల్ దగ్గర కుర్రాడు మా మనిషి కాదు. ఎన్ని దరఖాస్తులు పెట్టిస్తే అంత కమీషన్. వాడి మీద కోపం వద్దు, ఎండలో బండేసుకుని వచ్చే పిల్లాడు. కానీ వాడి సలహా మీద ఏసీ కొనకండి.

రెండు, 6 వేల తగ్గింపు 10 శాతం లెక్కన అయితే ఒకే బిల్లు 60 వేలు ఉండి, ఒకేసారి గీయాలి. మొదటి కార్డు, 32 వేల జీతం అంటే లిమిట్ (కార్డు మీద ఎంతదాకా వాడొచ్చో ఆ హద్దు) ఎంత వస్తుందో ముందే చెప్పలేం. 50 వేలే వస్తే? 60 వేలు గీయలేరు, 6 వేలూ రావు. మా దగ్గర వారానికి ఒక్కరైనా ఈ గొడవే పడతారు. 'కార్డు తీసుకున్నాను కదా, తగ్గించరేం' అని మా మీద అరుస్తారు. కాబట్టి లిమిట్ ఎంతో ఫోన్‌లో కనబడ్డాకే మాట్లాడాలి.

మూడు, ధర మీద 'ఆఫర్' అని రాసిందంతా కార్డు పుణ్యం కాదు. ఏసీలకి, 32 అంగుళాలు దాటిన టీవీలకి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత ధర కొట్టేసి కొత్త ధర చూపిస్తే అది పన్ను తగ్గిన తేడా. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ 2018 నుంచే 18లో ఉన్నాయి.

ఇంకో మాట, ఇది మా ఓనర్ చూస్తే నా పని అయిపోతుంది. కార్డు గీసినప్పుడల్లా బ్యాంకుకి మా వైపు నుంచి రెండు శాతం దాకా పోతుంది. మీరు ఖాతా నుంచి నేరుగా పంపిస్తే ఆ డబ్బు మాకు మిగులుతుంది. 82 వేల బిల్లు మీద దాదాపు 1,640. 'కార్డు వద్దు, ఈరోజే మొత్తం పంపిస్తాను, ఎంతకిస్తారు' అని మేనేజర్‌నే అడగండి, సేల్స్ కుర్రాళ్ళని కాదు. రెండు వేలకి తక్కువ కాకుండా దిగుతారు. ఫ్రిజ్ స్టాండు, రవాణా అడిగి తీసుకోండి.

అరసవల్లి అప్ప:

ఇంతమంది ఇన్ని లెక్కలు వేశారు గానీ ఏసీ ఎవరు అడిగారో ఒక్కరూ అడగలేదే. తమ్ముడూ, అబ్బాయి వాళ్ళు అడిగారా?

గెడ్డ ఒడ్డు:

లేదప్పా. వాళ్ళు అసలేమీ అడగలేదు. సారె బండి దిగినప్పుడు ఊరంతా చూస్తుంది కదా అని అమ్మ.

అరసవల్లి అప్ప:

అదీ సంగతి. 5 వేల వోచర్ కోసం 36 వేల ఏసీ కొంటున్నావు. మూడు లాంతర్లు అన్నయ్య 'ఎలాగూ పెట్టే ఖర్చే' అన్నారు, ఏసీ ఎలాగూ పెట్టే ఖర్చు కాదు కదా. టేబుల్ దగ్గరికి వెళ్ళకముందు నీ జాబితాలో లేని వస్తువది. లక్షన్నర అనే గీత ఎందుకు గీశారనుకున్నావు? లక్షా ఇరవైతో వచ్చినవాడిని లక్షన్నర దాటించడానికే.

మొన్న మా ఆడపడుచుకీ ఇదే జరిగింది, మిక్సీకి వెళ్ళి మైక్రోవేవ్ తెచ్చుకుంది. దానిలో ఇప్పుడు అప్పడాలు కాలుస్తున్నారు.

కార్డు అంటే నాకు పగ లేదు. నాకు జీతం లేదు, అందుకే 25 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు తీసుకున్నాను. కిరాణా, గ్యాస్ దాని మీదే. మూడేళ్ళలో నా పేరు మీద మంచి క్రెడిట్ స్కోరు వచ్చింది. మొదటి కార్డు అలా చిన్నగా మొదలుపెట్టాలి గానీ, పెళ్ళి ఖర్చుతో కాదు.

మూడు లాంతర్లు:

సరే, ఏసీ తీసేద్దాం, అప్ప గెలిచింది. అయినా 82 వేల సామాను మీద 6 వేలు వస్తాయి కదా. ఫీజు పోగా 4,231. ఇది కూడా వద్దంటే ఇక మొండితనమే. డబ్బు ఖాతాలో ఉంది, 45 రోజులు అక్కడే ఉంటుంది, ఆ వడ్డీ కూడా కలుపుకోండి.

పలాస జీడిపప్పు:

సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతం. లక్షా ఇరవైకి 45 రోజుల వడ్డీ 370 రూపాయలు అన్నయ్యా. మీ వాటాకి టీ నీళ్ళు నేనే పోయిస్తాను, కోట జంక్షన్‌కి రండి.

పెన్షన్ పుస్తకం:

బాబూ, ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి దిగినవాడిని. మధ్యలో కలగజేసుకుంటున్నందుకు ఏమీ అనుకోవద్దు. నువ్వు రాసిన దాంట్లో నాకు కనబడ్డది ధాన్యం డబ్బు.

కార్డు బిల్లు నెలకొక తేదీన పడుతుంది, దానికి ఇరవై రోజుల దరిదాపుల్లో గడువు. బిల్లు తేదీ 18 అనుకో. 19న కొంటే యాభై రోజుల దాకా వస్తుంది, 17న కొంటే ఇరవై రోజులే. 'యాభై రోజులు వడ్డీ లేదు' అని టేబుల్ దగ్గర చెప్పేది ఆ 19వ తేదీ లెక్కే. ఎంత బాగా కుదిరినా అక్టోబరు కొనుగోలుకి డిసెంబరులోనే కట్టాలి. నీ ధాన్యం జనవరిలో. కోత, నూర్పు, తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. గడువు తేదీ ఆ పేచీ తీరేదాకా ఆగదు. ఏసీ తీసేశారు కాబట్టి ఆ చిక్కు పోయింది, మంచిదే.

నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని నెలవాయిదాలు అని ఇంకొకటి చెబుతారు. రిజర్వు బ్యాంకు 2013లోనే సున్నా వడ్డీ అనేది లేదని తేల్చి చెప్పింది. వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో ముందే తగ్గించి చూపిస్తారు. 36 వేలకి తొమ్మిది నెలలు, 16 శాతం అయితే వడ్డీ సుమారు 2,400. ఆ వడ్డీ తగ్గించినా దాని మీద జీఎస్టీ 432 నువ్వే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు వేరే.

కార్డు వడ్డీకి 30 శాతం పరిమితి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి '42 శాతం అన్యాయం' అని కోర్టుకెళ్ళి గెలుద్దామనే ఆశ పెట్టుకోవద్దు.

అయితే నీ వైపు రూల్స్ కూడా ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, కార్డు జారీ అయ్యాక 30 రోజుల్లో నువ్వు యాక్టివేట్ చేయకపోతే వాళ్ళు ఓటీపీతో నీ అనుమతి అడగాలి. ఇవ్వకపోతే రుసుము లేకుండా ఖాతా మూసేయాలి. బాకీ ఏమీ లేకుండా నువ్వే మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకి 500 చొప్పున నీకు కట్టాలి. ఇది టేబుల్ దగ్గర ఎవరూ చెప్పరు.

చివరగా ఒకటి అడుగుతాను. వచ్చే ఏడాదిలో ఇంటికో పొలానికో అప్పు పెట్టే ఆలోచన ఉందా?

గెడ్డ ఒడ్డు:

ఉంది మాస్టారూ. ఉగాది తర్వాత హౌసింగ్ లోన్‌కి వెళ్దామనుకుంటున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పెన్షన్ పుస్తకం:

ఉంది. కార్డుకి దరఖాస్తు పెట్టగానే నీ సిబిల్ రిపోర్టులో, అంటే నీ అప్పుల చరిత్రలో, ఒక ఎంక్వైరీ పడుతుంది. లక్ష లిమిట్ వచ్చి అందులో 82 వేలు వాడితే, ఆ నెల రిపోర్టులో నువ్వు లిమిట్ అంచున ఉన్న మనిషిలా కనబడతావు. 30 శాతం లోపు వాడకం మంచిదని చూస్తారు.

మూడు లాంతర్లు:

మాస్టారూ, బిల్లు కట్టేస్తే అది తర్వాతి రిపోర్టులో దిగిపోతుంది కదా. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకొకసారైనా బ్యాంకులు ఆ వివరాలు పంపాలి. కుర్రాడిని ఊరికే భయపెట్టకండి. అసలు ఏ అప్పూ లేనివాడికి రిపోర్టే ఉండదు, కార్డు ఉంటేనే హౌసింగ్ లోన్‌కి మంచిది.

పెన్షన్ పుస్తకం:

నిజమే, ఎక్కువ కాలం ఉండదు. రిపోర్టు లేనివాడికి కార్డు మేలు చేస్తుందన్నదీ నిజమే, అందుకే అమ్మాయి చెప్పిన డిపాజిట్ కార్డు నాకు నచ్చింది. కానీ పెళ్ళికి ముందు ఈ మూడు నాలుగు నెలల్లో ఖర్చు ఎప్పుడు ఎటు పోతుందో చెప్పలేం. ఖాతాలో ఉన్న ఆ లక్షా ఇరవై డిసెంబరు దాకా అక్కడే ఉంటుందా? పురోహితుడు, పందిరి, వంటవాళ్ళు అడ్వాన్సులు అడుగుతారు. ఆ డబ్బు ముందు వాళ్ళకి పోతుంది. నేను కౌంటర్లో చూసిన ఎగవేతల్లో దొంగలు తక్కువ బాబూ, ఇలాంటి పెళ్ళిళ్ళు ఎక్కువ.

నాగావళి గాలి:

ఈ మాట నాకు నాలుగేళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

గెడ్డ ఒడ్డు:

అందరికీ థ్యాంక్స్. ఏం చేశానో చెబుతాను. నిన్న సాయంత్రం మేనేజర్‌ని కలిశాను. కౌంటర్ వెనక అన్నయ్య చెప్పినట్టే 'కార్డు వద్దు, ఇప్పుడే పంపిస్తాను' అన్నాను. మొదట 1,500 అన్నాడు. లేచి నిలబడ్డాను. చివరికి 2,700 తగ్గించి, ఫ్రిజ్ స్టాండు ఇచ్చి, సామాను మాఘం దాకా గోడౌన్‌లో ఉంచి రాజాంకి ఉచితంగా దింపుతామని బిల్లు మీద రాసిచ్చాడు. వారంటీ దింపిన రోజు నుంచి లెక్కయ్యేలా బిల్లు అప్పుడే వేయమంటే మాత్రం ఒప్పుకోలేదు.

ఏసీ లేదు. అమ్మ రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు.

మూడు లాంతర్లు:

4,231 రావలసినచోట 2,700. అంటే 1,531 వదిలేశావు తమ్ముడూ. నేనైతే వదలను.

గెడ్డ ఒడ్డు:

వదిలేశాను అన్నయ్యా. మీలా తేదీలు గుర్తు పెట్టుకోవడం నాకు రాదు, చీటీ వాయిదాకే వాళ్ళు ఫోన్ చేయాలి. అరసవల్లి అప్ప చెప్పిన డిపాజిట్ కార్డు గురించి మాత్రం మా బ్రాంచిలో అడిగాను, లోన్ వచ్చాక తీసుకుంటాను.

కౌంటర్ వెనక మనిషి:

వారంటీకి ఒక దారుంది. సామాను దింపిన రోజే కంపెనీ వాళ్ళని పిలిచి ఇన్‌స్టలేషన్ చేయించి, వారంటీ కార్డు మీద ఆ తేదీ వేయించండి. కొన్ని కంపెనీలు ఆ తేదీనే లెక్కలోకి తీసుకుంటాయి. కొనేముందు ఏ కంపెనీయో కనుక్కోవాల్సింది. ఇంతకీ ఏ కంపెనీ ఫ్రిజ్?

పలాస జీడిపప్పు:

మేనేజర్ 2,700 దిగిన షోరూం ఏదో కూడా చెప్పు బాబూ. మా మరదలి పెళ్ళి ఫాల్గుణంలో.

గెడ్డ ఒడ్డు:

ఇన్‌బాక్స్ చూడండి ఇద్దరూ.