లీగ్ ఉత్తమ జట్టులో ఇద్దరు సెంటర్లకు చోటివ్వవచ్చా?

ప్రశ్న (విజయనగరం): మా కళాశాలల బాస్కెట్‌బాల్ లీగ్ ముగిశాక ఏటా ఐదుగురితో ఉత్తమ జట్టును ప్రకటిస్తాం. ఆడే స్థానాలను బట్టి ఇద్దరు గార్డులు, ఇద్దరు ఫార్వర్డులు, ఒక సెంటర్ (బుట్ట దగ్గర ఆడేవాడు) అన్నది ఆనవాయితీ. ఈసారి అందరికన్నా బాగా ఆడిన ఇద్దరూ సెంటర్లే కావడంతో ఒకరిని పక్కన పెట్టవలసి వస్తోంది. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయం కాదండీ. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ ఇదే చిక్కు వచ్చింది. 2021-22లో అత్యంత విలువైన ఆటగాడి ఓటింగులో రెండో స్థానంలో నిలిచిన ఎంబీడ్, మొదటి స్థానం దక్కించుకున్న యోకిచ్ కూడా సెంటరే కావడం వల్ల, ఏడాది ఉత్తమ జట్లలో రెండోదానితో సరిపెట్టుకున్నాడు. 2023-24 నుంచి అక్కడ ఏ స్థానంలో ఆడేవారు ఎందరుండాలన్న నిబంధననే ఎత్తివేశారు.

జవాబు (శ్రీకాకుళం): స్థానాల సంగతి అలా ఉంచి, దేన్ని చూసి ఎంపిక చేస్తున్నారు? అంతర్జాతీయ పద్ధతి స్కోరుషీటులో ఆటగాడి పేరిట పాయింట్లు, ఫౌల్సే నమోదవుతాయి కాబట్టి, రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు) విడిగా రాసుకోకపోతే ఎక్కువ బాస్కెట్లు వేసినవాడికే పట్టం కట్టినట్టవుతుంది (మా వైపు జరుగుతున్నదీ అదే). కోచ్‌ల చేత ఓటు వేయించండి, కానీ సొంత జట్టువారికి వేయరాదని ముందే షరతు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: వచ్చే ఏడాది రీబౌండ్లు రాయడానికి స్కోరర్ల బల్ల దగ్గర ఇద్దరు విద్యార్థులను కూర్చోబెడతాం. ఈసారికి సెంటర్లిద్దరినీ ప్రకటిస్తున్నాం. అలగబోయే ఫార్వర్డు ఎవరో మాకు ఇప్పటికే తెలుసు.