గచ్చు రాలిన చోట డంగు సున్నమా, సిమెంటా?

మూసీగట్టు:
హైదరాబాదు జిల్లాలో ఏ పాత కట్టడం పెచ్చు ఊడినా ఇదే తగువు. 2019 మే మొదట్లో చార్మినార్ మినారు నుంచి గచ్చు (సున్నపు పూత) ముక్క రాలినప్పుడూ ఇంతే. సూటిగా అడుగుతున్నా. డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం, పనికి నెలలు పడుతుంది, చేసే మేస్త్రీలు కొద్దిమందే, ఖర్చు ఎక్కువ. కింద జనం తిరిగే చోట త్వరగా గట్టిపడే సిమెంటు కొట్టి, పైన పల్చగా సున్నం పూస్తే తప్పేంటి? చూపుకు తేడా తెలియదు కదా.

గానుగరాయి:
తేడా చూపులో లేదండీ, చెమ్మలో ఉంది. సున్నపు గోడ వాన నీటిని పీలుస్తుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. పైన సిమెంటు పడితే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. నీటితో కలిసి వచ్చిన ఉప్పు సిమెంటు వెనకాలే పేరుకుని, గడ్డకట్టి ఉబ్బుతుంది. అక్కడున్న పాత సున్నం పిండిపిండి అవుతుంది. పైకి మాత్రం అంతా భద్రంగానే కనిపిస్తుంది, తట్టి చూస్తేనే డొల్ల చప్పుడు. చివరికి పలకంత పెచ్చు ఒక్కసారే ఊడుతుంది, పాత గచ్చును కూడా లాక్కుని. జనం తిరిగే చోట మీరు కోరుకునేది అదేనా? పూత ఎప్పుడూ గోడ కంటే మెత్తగా ఉండాలి. బీట వస్తే పూతకు రావాలి, గోడకు కాదు.

ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ సమాధులు చూడండి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి పని మొదలుపెట్టాక, గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్ళీ సున్నం వేయాల్సి వచ్చింది. వేసిన ఖర్చు, ఒలిచిన ఖర్చు, మళ్ళీ వేసిన ఖర్చు. చవక ఏదో మీరే లెక్క కట్టండి.

సివిల్‌లెక్క:
చెమ్మ సంగతి ఒప్పుకుంటా. కానీ 'అసలు పూత' అని భక్తిగా మాట్లాడేవాళ్ళు ఒకటి చెప్పాలి, ఏది అసలు? చార్మినార్ కట్టింది 1591లో. మొగలాయి సుబేదార్ల కాలంలో నైరుతి మినారు మీద పిడుగు పడితే 60,000 రూపాయలతో బాగుచేశారు. 1824లో లక్ష రూపాయలు పెట్టి కట్టడానికంతటికీ కొత్త గచ్చు వేశారు. గడియారాలు 1889లో వచ్చాయి. ప్రతి తరమూ తన చేతిలో ఉన్న సరుకుతోనే బాగుచేసుకుంది. మన చేతిలో ఉన్నది సిమెంటు.

ఇంకోటి. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి గట్టిపడుతుంది, నెలకు సుమారు ఒక మిల్లీమీటరు లోతు లెక్కన. 25 మిల్లీమీటర్ల పూత లోపలిదాకా గట్టిపడాలంటే రెండేళ్ళు దాటుతుంది. అన్నాళ్ళు మినారు చుట్టూ పరంజా ఉంచుతారా?

గానుగరాయి:
పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చిందే 1824లో. కాబట్టి ఆ లక్ష రూపాయల గచ్చూ సున్నమే. మీరు చెప్పిన మరమ్మతులు రెండూ నా వైపే సాక్ష్యం!

రెండేళ్ళ లెక్క ఉత్త సున్నానికి. అందుకే సుర్కీ కలుపుతారు. బాగా కాలిన ఇటుక పొడి సున్నంతో కలిస్తే గాలి అందకపోయినా, తడిలోనే పట్టుకుంటుంది. లోపల ఇంకా గట్టిపడుతూ ఉన్నా, పై పూత ఆరాక పరంజా దించేయొచ్చు.

తాపీబద్ద:
మాలు (గోడకు పూసే తడి మిశ్రమం) ఎట్లా కలుపుతారో చెప్పకుండా వాదిస్తే ఎట్లా? సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాల్చాలి. శుద్ధమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తొట్టిలో ముందు నీళ్ళు పోసి, అందులో సున్నం గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు పోస్తే చిమ్మి కళ్ళల్లో పడుతుంది. కుతకుత తగ్గాక జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలిచేలా కనీసం మూడు వారాలు నానబెట్టాలి. ఎన్ని నెలలుంటే అంత వెన్నలా వస్తుంది. తర్వాత సున్నం ఒక పాలు, సుర్కీ ఒక పాలు, కడిగిన గరుకు ఇసుక ఒక పాలు వేసి గానుగలో రుబ్బాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు అప్పుడే పోస్తారు. బెల్లం ఎక్కువైతే మాలు పట్టుకోవడం ఆలస్యమవుతుంది, చీమలు సరేసరి.

పూత ఒక్కో వరస పది పన్నెండు మిల్లీమీటర్లు దాటొద్దు. ముందురోజే గోడ తడపాలి, లేకపోతే మాలులో నీళ్ళన్నీ గోడే తాగేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం పూస్తే సాలెగూడులా సన్నబీటలు వస్తాయి. జల్లెడ సరిగ్గా పట్టకపోతే, నీళ్ళలో పూర్తిగా విరగని సున్నపు రవ్వలు గోడ మీద నెలల తర్వాత పేలి, శనగగింజంత గుంటలు పడతాయి. అది చూసి సున్నం పనికిరాదంటారు. సున్నం చేసిన తప్పు కాదది, తొందర చేసిన తప్పు.

మూసీగట్టు:
సరే, గోడ మీద ఇప్పుడున్నది సున్నమో సిమెంటో తెలిసేదెట్లా? చిన్న ముక్కను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం పొంగి కరుగుతుంది, మిగిలిన ఇసుక తూచి పాళ్ళు పట్టొచ్చు అంటారు.

సివిల్‌లెక్క:
దాన్నొక్కదాన్నే నమ్మకండి. సిమెంటు కూడా ఆ ఆమ్లంలో కొంత కరుగుతుంది. గచ్చులో పాలరాతి పొడి ఉంటే అదీ పొంగి కరిగిపోతుంది, సున్నం పాలు ఉన్నదానికంటే ఎక్కువ అనిపిస్తుంది. ల్యాబులో సూక్ష్మదర్శిని కింద పల్చగా కోసిన ముక్క చూడాల్సిందే.

సుర్కీ మాట విన్నాక కుతుబ్‌షాహీ కట్టడాల మీద సిమెంటు వాదన వదులుకుంటున్నా. కానీ జిల్లా అంతటికీ ఒకే నిషేధం వద్దు. 1930ల నాటి కట్టడాల్లో మొదటినుంచీ సిమెంటు కాంక్రీటు కప్పు ఉన్నచోట, దాన్ని సున్నంతో అతకడం ఇంకో రకం తప్పు.

గానుగరాయి:
దానికి అభ్యంతరం లేదు. నా గొడవ టెండర్లతో. మార్చి నెలాఖరుకు బిల్లు కావాలంటే జనవరిలో పని ఇస్తారు, నానబెట్టే మూడు వారాలు కాగితం మీదే నానుతాయి.

తాపీబద్ద:
అందుకే సున్నం నానబెట్టడాన్ని వేరే పనిగా రాసి, వానాకాలంలోనే తొట్లు నింపించాలి. పూత త్వరగా ఆరిపోకుండా తడి గోనెలు కప్పడాన్ని కూడా రోజుల లెక్కన విడి ఐటమ్‌గా రాయండి. పూత పని ఐటమ్‌లోనే కలిపి రాస్తే నాలుగో రోజుకు గోడ మీద గోనె కనిపించదు.