మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్‌కి మట్టి కుండ చాలదా? తిండిగా కుడితి పనికిరాదా?

గోదారి_బయాలజీ: మా డిగ్రీ పిల్లలతో మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ కట్టించబోతున్నాను. చెరువు అడుగు నల్లమట్టిలోని బ్యాక్టీరియా తిండి తిని, ఎలక్ట్రాన్లను ఆనోడ్‌కి (లోపలి ఎలక్ట్రోడ్‌కి) వదిలితే కరెంటు వస్తుంది కదా, అదే. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను దాటనిచ్చే నాఫియాన్ మెంబ్రేన్ (పలచటి పొర), ప్లాటినం పూసిన కాథోడ్ (బయటి ఎలక్ట్రోడ్), తిండిగా సోడియం ఎసిటేట్ లేనిదే అది ప్రయోగమే కాదంటున్నారు మా కెమిస్ట్రీ మేడమ్. మెంబ్రేన్ బదులు మట్టి కుండ, ఎలక్ట్రోడ్లుగా కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పోగుల మందపాటి గుడ్డ), తిండిగా హాస్టల్ కుడితి చాలని నా పట్టు. ఎవరిది సబబు?

కుండ_పక్షం: కుండ విషయంలో మీదే సబబండీ. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఘంగ్రేకర్ బృందం రైస్‌మిల్లు మురుగునీటినే తిండిగా పోసి, కుండ సెల్‌నీ మెంబ్రేన్ సెల్‌నీ పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించింది. కుండకే ఎక్కువ పవర్ వచ్చింది. కాల్చిన మట్టి గోడలోని సన్నటి రంధ్రాల్లో నీరు నిండితే అయాన్లు వాటి గుండా దాటిపోతాయి. గ్లేజు వేసిన జాడీ మాత్రం వద్దు. గోడ మరీ పలచనైతే ఆక్సిజన్ లోపలికి చేరి ఆనోడ్ పని చెడగొడుతుంది, మరీ మందమైతే అంతర్గత నిరోధం పెరుగుతుంది. ప్లాటినం బదులు యాక్టివేటెడ్ కార్బన్ వాడండి. మురుగునీటి సల్ఫైడ్‌కి ప్లాటినం ఎలాగూ పాడవుతుంది.

ఒక్కదాంట్లో రాజీ పడకండి. రాగి తీగ నీళ్ళలో మునగకూడదు. రాగి, జింకు పలకలు మట్టిలో గుచ్చి బ్యాక్టీరియా కరెంటని పిల్లలకు చూపించేవాళ్ళున్నారు. అది లోహం కరగడం వల్ల వచ్చే కరెంటు. పిల్లలకు అలా తప్పు నేర్పుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎసిటేట్_వాది: కుండకి నాకు అభ్యంతరం లేదు, కుడితికి ఉంది. అందులో ఉన్నది పిండిపదార్థం. ఆనోడ్‌కి ఎలక్ట్రాన్లు వదిలే జియోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా దాన్ని నేరుగా తినలేదు. వేరే బ్యాక్టీరియా ముందు దాన్ని పులియబెట్టి ఎసిటేట్ లాంటివిగా మార్చాలి. ఆ దారిలో కొంత మీథేన్‌గా పోతుంది. నేరుగా ఎసిటేటే పోస్తే ఒక్కో అణువుకి 8 ఎలక్ట్రాన్లు, అంటే 1 గ్రాము సోడియం ఎసిటేట్‌కి ఎక్కువలో ఎక్కువ 2.6 ఆంపియర్-గంటలు. వచ్చిన మొత్తం ఆంపియర్-గంటల్ని దాంతో భాగిస్తే సెల్ సామర్థ్యం పిల్లలే తేల్చుకుంటారు. కుడితితో ఏం లెక్కిస్తారు?

కుండ_పక్షం: సీఓడీ కొలవండి, అంటే నీటిలోని తిండినంతా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ లెక్క! 1 గ్రాము సీఓడీ తగ్గితే ఎక్కువలో ఎక్కువ 3.35 ఆంపియర్-గంటలు. ఏ తిండికైనా అదే లెక్క. అసలు ఈ సెల్స్ ఎందుకు కడుతున్నాం? 2015లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో మూత్రంతో నడిచిన 432 సెల్స్ కలిసి సగటున ఇచ్చింది 300 మిల్లీవాట్లు. ఆ మూత్రశాలలో దీపాలు వెలిగాయంతే. కరెంటు కోసమే అయితే ఇంత శ్రమ దండగ. మురికినీరు శుభ్రపడుతూ దాంతోపాటు కాస్త కరెంటు రావడమే దీని విలువ. కొనుక్కొచ్చిన ఎసిటేట్ పోస్తే అది పిల్లలకెలా తెలుస్తుంది?

ఎసిటేట్_వాది: సీఓడీ తగ్గితే తిండి అయిపోయిందని తెలుస్తుంది గానీ ఎవరు తిన్నారో తెలియదు కదండీ. కుండ గోడలోంచి వచ్చిన ఆక్సిజన్‌తోనూ తగ్గుతుంది. గోదారి గారూ, మూడు కుండలు పెట్టించండి. ఒకదాంట్లో ఎసిటేట్, మిగతా రెంట్లో కుడితి, మూడింట్లో సీఓడీ సమానంగా ఉండాలి. ఒక కుడితి కుండకి మాత్రం వైరు కలపకండి. అందులోనూ సీఓడీ అంతే తగ్గితే, రెండో కుండలో కుడితి పోయింది కరెంటులోకే అని చెప్పడానికి ఆధారం లేనట్టే.