మందబయలు రెండెకరాలూ ఫైర్ స్టేషన్‌కి ఇచ్చేద్దామా?

కాలవగట్టు
మన మండలానికి ఫైర్ స్టేషన్ వస్తుందట. ఊరి చివర మందబయలు, దాన్ని ఆనుకున్న పుంత (బండ్ల దారి) కలిపి 2 ఎకరాలు రాసిమ్మని పంచాయతీని అడిగారు. వచ్చే గ్రామసభలో తీర్మానం పెడతారు. బయటూళ్ళలో ఉన్న మనవాళ్ళ కోసం ఒక ముక్క: ఇళ్ళూ చేలూ పోగా ఊరికి మిగిలిన పచ్చిక అదొక్కటే. గేదెలు మేసేది అక్కడే, పిల్లలు వాలీబాల్ ఆడేది అక్కడే, ఆ నాలుగు నిద్రగన్నేరు చెట్లున్నదీ అక్కడే. స్టేషన్ వద్దనడం లేదు. ఆ స్థలమే ఎందుకు అంటున్నాను. కాలవ లాకుల దగ్గర ఇరిగేషన్ వాళ్ళ పాత క్వార్టర్లు పైకప్పులు కూలి పాముల కాపురమయ్యాయి. అక్కడ కట్టకూడదా?

తాటాకిల్లు
ఎక్కడైనా సరే, రేపే కట్టమంటాను నేను.

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో, మిట్టమధ్యాహ్నం, మా వీధి చివరింట్లో వైరు కాలి తాటాకు అంటుకుంది. పడమటి గాలి. మండుతున్న ఆకు ఎగిరొచ్చి ఒక్కో కప్పు మీద వాలుతుంటే, బిందెలతో పరుగెత్తినవాళ్ళం వాటిని దారిలోనే పారేసి పిల్లల్ని ఎత్తుకున్నాం. మంట అక్కడితో ఆగుతుందేమోనని మగవాళ్ళు మా పక్కింటి కప్పు లాగి పడేశారు. ఆగలేదు. పక్క మండలం నుంచి ఫైరింజన్ వచ్చేసరికి 40 నిమిషాలు. వాళ్ళ తప్పేం లేదు, దారి అంత. తొమ్మిది ఇళ్ళు పోయాయి. పిల్ల పెళ్ళికని దాచిన డబ్బు, నా పదో తరగతి సర్టిఫికెట్, మామగారి పాస్‌బుక్కు, ఏ బూడిద ఏదో తెలియలేదు. మందబయల్లో మేసే గేదెల్లో మాదీ ఒకటుంది. దాన్ని గట్టు మీద మేపుకుంటాను.

గోదారోడు
పచ్చిక పోతుందని బాధపడేవాళ్ళలో సంక్రాంతికి అక్కడ కోడిపందేల బరి వేసేవాళ్ళు ఎంతమందో ఒకసారి చేతులెత్తండి.

కాలవగట్టు
నేను ఎత్తను. మా నాన్నగారు ఎత్తుతారు.

పల్లపుచేను
బరి సంగతి సంక్రాంతికి చూద్దాం. నా చేను మందబయలుకి దిగువన ఉంది కాబట్టి నా గోడు వినండి. మందబయలు పల్లం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గట్టి వాన పడితే పై చేల నీళ్ళన్నీ అక్కడికొచ్చి నిలబడతాయి, రెండు మూడు రోజుల్లో మెల్లగా డ్రెయిన్లోకి దిగుతాయి. ఆ డ్రెయిన్ ఎలా ఉందో తెలుసుగా, నీళ్ళకంటే గుర్రపుడెక్క ఎక్కువ. స్టేషన్ కట్టాలంటే నాలుగడుగులు బుసక మట్టి తోలి మెరక చేస్తారు. 2 ఎకరాల్లో అడుగు లోతు నీళ్ళంటే దాదాపు 25 లక్షల లీటర్లు. అవి ఎక్కడికి పోవాలి? ముందు నా చేలోకి, నిండాక పేటలోకి.

2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, మానేసి పంట విరామం ప్రకటించారు. ధర గిట్టకపోవడంతో పాటు మురుగు పోకపోవడం కూడా అప్పటి గోడే. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి నీళ్ళు తెచ్చిపెట్టాడు. వచ్చిన నీళ్ళు పోయే దారి చూసుకోవడం మన వంతు. అది ఇప్పటికీ సగంలోనే ఉంది.

తాటాకిల్లు
పేట అంటే మేమే కదండీ. కాలేదీ మేమే, మునిగేదీ మేమేనా?

పల్లపుచేను
అదేనమ్మా నేనంటున్నదీ.

నగరం పక్కూరు
2014 జూన్ 27 తెల్లవారుజామున మన కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండింది. కోనసీమ కింద గ్యాస్ పైపులు ఉండగా మనం ఇక్కడ కూర్చుని గేదెల మేత గురించి వాదించుకుంటున్నాం.

రిటైర్డ్ 101
ముప్పై ఏళ్ళు ఫైరింజన్ ఎక్కి దిగినవాణ్ణి. నగరాన్నీ పాశర్లపూడినీ ఈ లెక్కలోకి తేకండి బాబూ. పాశర్లపూడి బావి ఆపడానికి అమెరికా నుంచి నిపుణులు రావాల్సొచ్చింది. పైపులైన్ మంటని నీళ్ళు కొట్టి ఆర్పరు, వాల్వు కట్టి గ్యాస్ ఆపాలి. అక్కడ మా పనల్లా చుట్టుపక్కల ఇళ్ళు తడపడం, మనుషుల్ని బయటికి లాగడం. మండల స్టేషన్ ఉండేది తాటాకిళ్ళకి, గడ్డిమేట్లకి, కాలవలో పడ్డ కార్లకి, కొబ్బరి పీచు కుప్పలకి. పీచు కుప్పంత మాయదారి మంట ఇంకోటి లేదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. మనం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక మళ్ళీ ఫోన్ వస్తుంది.

పల్లెకి 20 నిమిషాల్లో చేరాలన్నది మా లెక్క. తాటాకిల్లు అంతసేపు ఆగదు, అది వేరే సంగతి. బండిలో పట్టేవి 4,500 లీటర్లు. ఒక గొట్టంతో పొదుపుగా కొడితే పది నిమిషాలు, రెండు విప్పితే అందులో సగం. ఆ తర్వాత మళ్ళీ నింపుకోవాలి. ఎక్కడ? ఇళ్ళు ఎక్కువగా కాలేది ఎండాకాలంలో. కాలవలకి నీళ్ళు కట్టేసేదీ అప్పుడే. కాబట్టి నేను ముందు చూసేది వేసవిలో ఎండని చెరువు, తర్వాత బండి ఆగకుండా పోయే రోడ్డు. నేల పచ్చగా ఉందా ఎర్రగా ఉందా అన్నది మూడోది.

ఒక బండి స్టేషన్‌కి అరెకరం చాలు. డ్రిల్లుకి చోటు కావాలంటే ఎకరం. 2 ఎకరాలు ఎందుకు అడుగుతున్నారో నాకు అంతుపట్టలేదు.

గోదారోడు
మిగతా ఎకరంలో షాపుల కాంప్లెక్స్ అట. టీకొట్టు దగ్గర విన్నాను. టీకొట్టు మాటకి నాది పూచీ కాదు.

సెక్షన్ల మాస్టారు
పొలం కొని కట్టండి అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఏడాదికి ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని, వేరే దారి లేనప్పుడు చివరి మార్గంగా తప్ప సేకరించకూడదని 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్. సార్వా, దాళ్వా రెండూ పండే మన చేలు సరిగ్గా అవే.

పోనీ మందబయలు తీసుకుందాం అంటే, జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు ఖాళీ చేయించమంది. అప్పటికే బడి, ఆసుపత్రి లాంటి ప్రజావసరం ఉన్నచోట మినహాయింపు ఇవ్వొచ్చనీ అంది. మన దగ్గర ఇంకా ఏమీ కట్టలేదు. కొత్తగా కట్టేదానికి ఆ మినహాయింపు పనికొస్తుందా అన్నది లాయర్లు తేల్చుకోవాలి.

పల్లపుచేను
రెండు తలుపులూ మూసి కిటికీ తెరిచారు మాస్టారూ.

కాలవగట్టు
అందుకే లాకుల దగ్గర అంటున్నాను. ప్రభుత్వ స్థలం, మెరక, ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి బదలాయిస్తే సరిపోతుంది. పక్కనే మంచినీళ్ళ చెరువు. కాలవలు కట్టేసేముందు నింపుతారు కాబట్టి ఎండాకాలమంతా నీళ్ళుంటాయి.

రిటైర్డ్ 101
చెరువు సంగతి ఒప్పుకుంటాను. తాగే నీళ్ళే అయినా ఇల్లు కాలుతుంటే ఒక బండి నీళ్ళకి ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కల్లా వంతెనతో. అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావాలంటే లాకుల వంతెన దాటాలి. నీళ్ళే నాలుగున్నర టన్నులు, బండితో కలిపితే పది టన్నులు దాటుతుంది. బరువు లారీలు ఎక్కకుండా ఆ వంతెనకి రెండు వైపులా ఇనుప కమ్మీలు పాతారు. అర్ధరాత్రి గంట మోగితే మా డ్రైవరు ఆ కమ్మీలు పీకి రావాలా?

కాలవగట్టు
ఇది నాకు తట్టలేదు.

హైదరాబాద్ నుంచి
సెలవులకి వచ్చినప్పుడు మందబయల్లో ఆ చెట్ల కింద కూర్చుంటేనే ఊరికి వచ్చినట్టుంటుంది. దయచేసి దాన్ని అలాగే ఉంచండి.

తాటాకిల్లు
బాబూ, మీది డాబా.

పల్లపుచేను
ఒక మాట చెబుతాను, తిట్టుకోకండి. మందబయలుకి రోడ్డు వైపున అరెకరం ఎప్పటినుంచో మెరకే. నీళ్ళు అక్కడికి ఎక్కవు, చెట్లు కూడా ఆ పక్క లేవు. అది ఇచ్చేద్దాం. మిగతా ఎకరంన్నర పల్లం పల్లంగానే ఉండాలని సర్వే కొలతలతో తీర్మానంలో రాయిద్దాం. డ్రెయిన్లో పూడిక తీశాకే బుసక లారీ రావాలి, ముందు కాదు. ఈ ముక్క కూడా అందులో ఉండాలి. పెద్దాయన చెప్పిన లెక్కకి అరెకరం సరిపోతుంది. డ్రిల్లు బడి గ్రౌండులో చేసుకోవచ్చు, పిల్లలు కూడా చూసి నేర్చుకుంటారు.

రిటైర్డ్ 101
బడి గ్రౌండు నాకు ఇష్టమే. ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు ఎలాగూ బడుల్లోనే చేస్తాం.

కాలవగట్టు
పల్లపుచేను గారూ, మీ ఆలోచన మంచిదే. నా భయం కొలతల గురించి కాదు. ఇవాళ దాన్ని మందబయలు అంటున్నాం. స్టేషన్ లేచిన ఏడాదికి "ఫైర్ స్టేషన్ పక్క ఖాళీ స్థలం" అంటాం. ఖాళీ అన్న పేరు పడ్డాక దాన్ని నింపకుండా ఎవరుంటారు? పాత రచ్చబండ చోటు "బస్టాండు వెనక ఖాళీ" అయింది, ఇప్పుడక్కడ ఏముందో మీకు తెలుసు. వంతెన గట్టిపరచమని ముందు అడుగుదాం. ఎలాగూ బడి బస్సులు కూడా దానిమీదే పోతున్నాయి.

గోదారోడు
ఈసారి జోకు లేదు. రచ్చబండ మాట నిజమే.

తాటాకిల్లు
వంతెన అడిగి, మంజూరై, టెండరై, కట్టేసరికి ఎన్ని ఎండాకాలాలు పోతాయండీ? మాకు ఇప్పటికీ రేకులు వేయించుకునే డబ్బు లేదు. మళ్ళీ తాటాకే కప్పాం. ఏప్రిల్ వస్తే మా అత్తగారు రాత్రిళ్ళు గుమ్మం దగ్గర నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని పడుకుంటారు. పేరు మారుతుందని మీకు టెన్షన్. నాకు గాలి మారితే టెన్షన్. అరెకరం మాటకి నేను చెయ్యెత్తుతాను.

రిటైర్డ్ 101
ఇద్దరూ వాదించుకునే ముందు ఒక పని మిగిలింది. ఆ కమ్మీల మధ్య ఎంత సందుందో ఎవరూ కొలవలేదు, నాతో సహా. తొమ్మిదడుగులుంటే బండి పడుతుంది. బరువు ఇంజనీరే చెప్పాలి, సందు మాత్రం మనమే కొలవొచ్చు.

కాలవగట్టు
ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని వెళ్తాను. కొలిచి ఇక్కడ పెడతాను.

తాటాకిల్లు
నేనూ వస్తాను. టేపు రెండో కొస నేను పట్టుకుంటాను.