గడియారం "స్లో" అంటే వెనకుందనా, వెనకపడుతోందనా?

అందరికీ నమస్కారం. డిప్లొమా పిల్లల కోసం రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) లో టైం సరిగ్గా ఉంచుకోవడం మీద తెలుగులో చిన్న నోట్సు రాస్తున్నా, ఒక మాట దగ్గర ఆగిపోయింది. క్రోనీ (నెట్ నుంచి టైం తెచ్చుకుని గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాం) నడుస్తున్న పై లో "క్రోనీసీ ట్రాకింగ్" కొడితే ఒక లైన్లో సిస్టమ్ టైం ఇన్ని సెకన్లు స్లో అని, ఇంకో లైన్లో ఫ్రీక్వెన్సీ ఇన్ని పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) స్లో అని వస్తుంది. రెండిటికీ "నెమ్మది" అని రాసేస్తే పిల్లలు కలిపేసుకుంటారు. ఏమంటే బాగుంటుంది?

---

"నెమ్మది" రెండోదానికే ఉంచండి మాస్టారూ, మొదటిది "వెనకుంది". ఇంట్లో గోడగడియారం కావాలనే పది నిమిషాలు ముందు పెట్టుకుంటాం, అది ముందుంది, నడక మాత్రం సరిగ్గానే ఉంది. సెల్ అయిపోవచ్చిందనుకోండి, పది నిమిషాలు ముందుండి కూడా రోజూ వెనకపడుతూ ఉంటుంది. ఉంది, పడుతోంది, ఈ రెండు క్రియలు చాలు కదా.

---

పై సార్ చెప్పింది కరెక్టు, రిపేరు కూడా రెండిటికీ వేరేనండీ. వెనకుంటే ఒకసారి సరిచేస్తే అయిపోయింది. వెనకపడుతుంటే ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ అదే కథ, అందుకే క్రోనీ ఆ నడకలో తేడాని డ్రిఫ్ట్ ఫైల్లో రాసిపెట్టుకుని బోర్డు మళ్లీ ఆన్ అయినప్పుడు అక్కణ్ణుంచి ఎత్తుకుంటుంది. 16 పీపీఎం స్లో అంటే దాని మానాన దాన్ని వదిలేస్తే రోజుకి దాదాపు 1.4 సెకన్లు వెనకపడుతుందని. ఈ లెక్క నోట్సులో చేయించండి, అప్పుడే బుర్రకెక్కుతుంది.

---

డ్రిఫ్ట్‌కి "కాలభ్రంశం" అనొచ్చేమో?

---

అయ్యా, అది వింటే పిల్లలు బోర్డుకి శాంతి చేయిస్తారు 😀 "టైం తప్పుతోంది" అంటే చాలు. నాకు అంతకన్నా పెద్ద చిక్కు స్టెప్, స్లూ. డెబియన్ లినక్స్‌లో క్రోనీతో వచ్చే సెట్టింగు "మేక్‌స్టెప్ 1 3", అంటే మొదలయ్యాక మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటితే ఒక్కసారిగా టైం మార్చేస్తుంది, ఆ తర్వాత మాత్రం గడియారం వేగాన్ని కాస్త పెంచో తగ్గించో దారికి తెస్తుంది. మొదటిది "ముల్లు తిప్పెయ్యడం", రెండోది "కలుపుకురావడం" అంటాన్నేను. లాగ్ రాసే ప్రోగ్రాం నడుస్తుండగా ముల్లు వెనక్కి తిప్పితే తర్వాత జరిగింది ముందు జరిగినట్టు రికార్డవుతుంది, అందుకే కలుపుకురావాలి.

---

"కలుపుకురావడం" భలే ఉంది అన్నా. మరి ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్‌ని ఏమందాం, దొంగ గడియారమా?

---

దొంగ అంటే మోసం చేస్తుందనే అర్థం వస్తుంది, పై 5 కి ముందువాటిలో కరెంటు లేనప్పుడు నడిచే గడియారం లేదు కాబట్టి పాపం ఈ ప్రోగ్రాం గంటకోసారీ ఆపేటప్పుడూ టైంని ఒక ఫైల్లో రాసుకుంటుంది, ఆన్ చెయ్యగానే అదే టైం చెబుతుంది, అంతే. "ఉత్తుత్తి గడియారం" అనండి, చిన్నపిల్లల ఉత్తుత్తి వంటలాగా. రాత్రి 11కి కరెంటు పోయి తెల్లారి 5కి వచ్చిందనుకోండి, పై లేచేసరికి రౌటర్ ఇంకా లేవదు, ఇది మాత్రం రాత్రి పదిన్నరో పదకొండో అనుకునే పని మొదలెట్టేస్తుంది. నెట్ తగలగానే ఆరు గంటలు ఎగిరి దూకుతుంది. నెలల తరబడి ఆపేసిన బోర్డైతే అప్పుడే తీసుకున్న సర్టిఫికెట్లని "ఇంకా చెల్లుబాటు కాలేదు" అంటుంది, బ్రౌజర్ పేజీ తెరవదు.

---

అందుకేగా డీఎస్3231 అనే గడియారం చిప్పు పెట్టుకునేది. నాణెం బ్యాటరీ మీద నడుస్తుంది, వేడిని బట్టి తనే సర్దుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎం లోపే తప్పుతుంది, ఏడాదికి నిమిషం అటో ఇటో. రేకుల షెడ్డులో మన మే నెల ఎండకి 40 ఎప్పుడో దాటేస్తుందనుకోండి, అప్పుడు హద్దు 3.5 పీపీఎం. పై 5 లో అలాంటి గడియారం ఒకటి బోర్డు మీదే వచ్చింది గానీ బ్యాటరీ విడిగా కొనాలి, అది పెట్టకపోతే ప్లగ్గు పీకగానే టైం పోతుంది.

---

థాంక్సండీ అందరికీ. వెనకుంది, వెనకపడుతోంది, ముల్లు తిప్పడం, కలుపుకురావడం, ఉత్తుత్తి గడియారం, ఐదూ తీసేసుకున్నా. పీపీఎంని మాత్రం మొదటిసారి "పది లక్షల్లో ఒక వంతు" అని రాసి తర్వాత పీపీఎం అనే వదిలేస్తా, ఎలాగూ డేటాషీట్లో అదే కనబడుతుంది.